చిన్నమేస్త్రి ఎడమ కన్ను

వరద వచ్చిన ఏడుకి అది మూడో ఏడు, రెండోది కాదు, రెండో ఏడైతే పిల్ల ఇంకా పాకుతూ ఉండాలి, అప్పటికి నడుస్తోంది, నడవడమేమిటి, కొట్టులో నేను ఎటు తిరిగితే అటు నా కాళ్ళకి అడ్డం పడుతోంది, కాబట్టి మూడోదే, కొట్టు గోడ మీద నా రొమ్ము ఎత్తున వరదనీళ్ళు గీసి పోయిన గీత అప్పటికింకా ఉంది, సున్నం వేయిద్దామని మా ఆవిడ అంటుంది, నేను వద్దంటాను, నోటితో అనను, ఊరుకుంటాను, మా ఇంట్లో దానికి అర్థం వద్దనే, ఎందుకంటే అంత తిన్నని గీత ఇన్నేళ్ళ వడ్రంగంలో నేను ఒక్కటీ గీయలేదు, నీళ్ళకి వంకర చూసుకోవాల్సిన పని లేదు, నాకు ఉంది, చెక్క చేతికి రాగానే ఒక కొస ముక్కు దగ్గర పెట్టుకుని, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో అంచు వెంట ఆ చివరిదాకా చూస్తాను, రెండు కళ్ళతో చూస్తే ప్రతి చెక్కా తిన్నగానే ఉంటుందిరా అనేవాడు మా నాన్న, ఆయన నాతో అన్న నాలుగైదు మాటల్లో అదొకటి, నా పక్కన ముక్కాలిపీట ఎక్కి మనవరాలు కూడా సన్నటి రీపరు చెక్కముక్క ఒకటి ముక్కుకి ఆనించి, ఎడమ కన్ను మూసి, పెదవి బిగించి, అటు చివర ఏముందో చూసేది, తలుపులు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళు తలుపు సంగతి మరిచిపోయి దాన్నే చూస్తూ నిలబడేవాళ్ళు, ఏం చిన్నమేస్త్రీ, వంకరుందా అంటే, ఉంది అనేది, ఏది చూపించినా ఉందనే అనేది, పెద్దమేస్త్రి కంటే నువ్వే నయం తల్లీ, ఆయన వంకరున్నా చెప్పడు, లేకపోయినా చెప్పడు అన్నాడు కిరాణా కొట్టాయన, అప్పటినుంచి దాని పేరు చిన్నమేస్త్రి అయిపోయింది, నేను పైకి నవ్వలేదు గానీ నా లోపల ఏదో చిత్రిక పట్టినట్టు నున్నగా అయింది, కొడుకు నా పని నేర్వలేదు, లారీ ఎక్కాడు, వాడి కూతురికి చెప్పకుండానే వచ్చింది, పోలిక, పోలిక ఎక్కడికి పోతుంది, నెలల తరబడి అదే అనుకున్నాను, పాలగ్లాసు అందుకునేటప్పుడు కూడా అది ఆ కన్నే మూస్తుంటే, ఎండలోకి వస్తే మూస్తుంటే, గడప ఇంకా అడుగు దూరం ఉండగానే కాలెత్తి గాలిలో తొక్కుతుంటే, అదీ పోలికేనా అని ఒక్కనాడూ అనుకోలేదు.

ఆ రోజు గాలి ఉంది, వరదకి అడుగున పుచ్చిపోయిన ఒక వీధితలుపుకి కింద చెక్క మార్చడానికి కోస్తున్నాను, రంపపు పొట్టు ఎగిరి పిల్ల కుడి కంట్లో పడింది, ఏడుపు, నులమబోతే చెయ్యి పట్టుకున్నాను, నా తువ్వాలు కొస మడిచి ఆ కంటి మీద పెట్టి, దాని చెయ్యే పైన పెట్టి, ఇలా పట్టుకో అని సైగ చేసి నీళ్ళకి వెళ్ళాను, కుండ పక్కనే ఉంది, ఎంతసేపు, గ్లాసుతో తిరిగి వచ్చి నాలుగడుగుల దూరంలో ఆగాను, తువ్వాలు కన్ను మీద అలాగే పట్టుకుని బుద్ధిగా కూర్చుంది, ఎడమ కన్ను తెరిచే ఉంది, నా వైపే ఉంది, అది అంది, తాత ఏడీ, ఆట అనుకున్నాను, నేను మాట్లాడనుగా, ఊరికే నిలబడ్డాను, ఆట ఆడిద్దామనే నిలబడ్డాను, చెయ్యి ఎత్తి ఊపాను, అది నా చేతి మీదుగా, నా మీదుగా, వెనక ఆనించిన తలుపుల మీదుగా చూపు జరిపి మళ్ళీ అంది, తాత ఏడీ, ఈసారి గొంతు సన్నబడింది, పెదవి వణికింది, ఆటలో పెదవి వణకదు, ఒక అడుగు వేశాను, కాలి కింద చెక్కపొట్టు కరకరమంది, ఆ చప్పుడుకి మొహం టక్కున నా వైపు తిరిగి నవ్వింది, చప్పుడుకి, నాకు కాదు, వాగుడుకాయ తాత ఎవరైనా అయితే గొంతు విని కనిపెట్టేసేది, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు, నేను గనక తెలిసింది, కంట్లో పొట్టు నీళ్ళతో పోయింది.

చెప్పాలి కదా, వెంటనే చెప్పాలి, ఇంట్లోకి పదడుగులు, మా ఆవిడ అక్కడే ఉంది, చెప్పలేదు, పదకొండు రోజులు చెప్పలేదు, అందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు, ఈయన నోట్లో అయితే చెట్టు మొలిచి కాయ కాస్తుంది అని మా ఆవిడ చుట్టాలందరి దగ్గరా అంటుంది, నవ్వుతారు, నేనూ లోపల నవ్వుకుంటాను, ఈసారి మొలిచింది ముళ్ళచెట్టు, ఎందుకంటే ఈ మాట కోడలు ఎప్పుడో అంది, చలి రోజుల్లో, చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే మనిషి, వెంట్రుకంత తేడా పట్టేస్తుంది, ఒకరోజు పనినుంచి వచ్చి పిల్లని ఒళ్ళో వేసుకుని అంది, మామయ్యా, దీని ఎడమ కన్ను ముక్కు వైపు జరుగుతున్నట్టు లేదూ, ఒకసారి ఎవరికైనా చూపిద్దామా, ఎవరేమన్నా బదులు చెప్పని నేను, ఆరోజు ఏ పురుగు కుట్టిందో, చెప్పాను, నా పోలికమ్మా, నన్ను చూసి అలా మూస్తోంది అన్నాను, అంతే, నేను మాట్లాడేది తక్కువ కాబట్టి ఇంట్లో నా మాటకి బరువు ఎక్కువ, అక్కడే వచ్చింది చావు, రోజూ వాగేవాడినైతే ఆ మాట విని వదిలేసి పిల్లని తీసుకుపోయేది, మామయ్యే అన్నారుగా అని ఊరుకుంది, చలి పోయి ఎండలు వచ్చి మళ్ళీ మబ్బులు పట్టాయి, ఇప్పుడు వెళ్ళి ఏమని చెప్పను, ముందు నిజమో కాదో చూద్దాం, కొలిచి చూద్దాం, కొలవకుండా కోయకూడదు, సుద్దముక్క తీసి కొట్టు నేల మీద మూరకొక గీత గీశాను, మా ఆవిడ వచ్చి, ఏంటయ్యా ఈ గీతలు, నేలకి తలుపు పెడుతున్నావా, కిందనుంచి ఎవరొస్తారని అంది, ఎర్ర బొత్తాం ఒకటి సంపాదించాను, పిల్ల కుడి కన్ను అరచేత్తో మూసేవాణ్ణి, రెండో చేత్తో బొత్తాం గీతల వెంట దొర్లించి, ఎక్కడాగిందో చూపించమనేవాణ్ణి, మూయగానే గింజుకునేది, చెయ్యి కొరికేది, ఎడమ కన్ను మూస్తే మాత్రం గమ్మున ఉండేది, అసలు మూసినట్టే లేదు దానికి, ఆ తేడా ఒక్కటే చాలు, గుడ్డివాడికైనా అర్థమవుతుంది, నాకు చాల్లేదు, రోజూ కొలిచాను, కుడి కంటికి ఎనిమిది మూరలు, గోడదాకా, ఎడమ కంటికి రెండు, ఇంకో రోజు రెండున్నర, అమ్మయ్య పెరుగుతోంది అనుకున్నాను, ఆ మర్నాడు మళ్ళీ రెండు, బొత్తాం కాదు నా చేతి కదలిక చూసిందేమో, ఎవరూ లేని చోట కొలతలు దిద్దుకునే దొంగలా అయిపోయాను, పిల్ల నిద్రపోతుంటే రెప్పల వైపు చూసేవాణ్ణి, మూసి ఉంటే రెండూ ఒకలాగే ఉన్నాయి.

పదకొండో రోజు చిన్నమేస్త్రి మెట్టు మీదనుంచి పడింది, ఎంత మెట్టు, జానెడు, గడ్డం చీరుకుపోయింది, మా ఆవిడ మెట్టుని తిట్టింది, మెట్టు కట్టిన తాపీ మేస్త్రిని తిట్టింది, నన్ను తిట్టింది, నేను ఆ మెట్టు దిగి వీధి మలుపుదాకా వెళ్ళి నిలబడ్డాను, ఫ్యాక్టరీ బస్సు దిగి కోడలు వస్తోంది, టిఫిన్ డబ్బా చేతిలో, మామయ్య ఎదురు రావడం ఈ జన్మలో చూసి ఉండదు, ఆగిపోయింది, ఏమైంది, మీ అబ్బాయికేమన్నా అయిందా, లారీ అంటూ మొహం తెల్లబడింది, కాదన్నట్టు తల ఊపాను, రా అని సైగ చేసి కొట్టులోకి తీసుకుపోయి నేల మీద గీతలు చూపించాను, ఇది కుడి కంటికి, అని ఎనిమిదో గీత మీద కాలు పెట్టాను, ఇది ఎడమ కంటికి అని రెండో గీత మీద పెట్టాను, కోడలు ఆ గీతల మధ్య ఖాళీ చూస్తూ నిలబడింది, మామయ్యా, ఆరోజు నేనన్నప్పుడు మీరేగా, అంది, అక్కడితో ఆపేసింది, మిగతాది అనలేదు, అంటే బాగుండును, తిడితే బాగుండును, మాట మధ్యలో ఆపేస్తే ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది, నా ఇంటివాళ్ళు ఇన్నేళ్ళు తిన్న తిండి అది, ఎన్ని రోజులైంది మీకు తెలిసి అంది, పదకొండు అన్నాను, టిఫిన్ డబ్బా చిత్రిక బల్ల మీద పెట్టి చెంగుతో మొహం తుడుచుకుని, రేపు సెలవు పెడతాను, మీరు కూడా రండి, ఈ కొలతలు మీరే చెప్పాలి అంది.

కంటాసుపత్రి బెంచీలు మనిషి వీపు కొలవకుండా చేసినవి, రెండు గంటలు కూర్చున్నాం, పిల్ల కళ్ళలో చుక్కలు వేశారు, మండి అరిచింది, మళ్ళీ వేశారు, డాక్టరమ్మ గది తలుపు తెరిచినప్పుడల్లా నేలకి గీసుకుని కీచుమంటోంది, పై కీలు ఊడింది, రెండు మరలు బిగిస్తే చాలు, ఎవరికీ పట్టలేదు, ఊడినదాన్ని రోజూ చూస్తే ఊడినట్టు కనబడదు, అదీ అంతే, తలుపుకి రెండు మరలు, కంటికి ఎన్ని, పుచ్చిన చెక్కైతే కోసి కొత్తది అతకొచ్చు, ఇదేం చేస్తారు, కోస్తారా, ఇంత పిల్ల కన్ను కోస్తారా, పక్క బెంచీ మీద ఒకావిడ, చిన్నపిల్లలకి మెల్లకన్ను అదృష్టం లెండి అంటోంది, కోడలు ఆవిడ వైపు చూసిన చూపుకి ఆవిడ ఇంకో బెంచీకి మారింది, పిలిచారు, చీకటి గది, డాక్టరమ్మ చిన్నది, మా కోడలి ఈడు, సన్నటి దీపం పిల్ల కంట్లోకి వేసి, అద్దం తరవాత అద్దం అడ్డం పెట్టి చూస్తోంది, ఎన్ని నెలలుగా ఉంది అంది, కోడలు నా వైపు చూడకుండా చెప్పింది, చలికాలం నుంచి, అప్పుడే తేవాల్సింది అనేసింది డాక్టరమ్మ, నేను జేబులో కాగితం తీశాను, పదకొండు రోజుల కొలతలు, అంకెలు వంకరగానే ఉన్నా వరసగా రాశాను, ఆమె కాగితం దీపం దగ్గర పెట్టి చూసి, ఇవెవరు తీశారు అంది, మా మామయ్య అంది కోడలు, మంచి పని చేశారు తాతగారూ అంది, ఆ మంచి అనే మాట నాకు మేకులా దిగింది, తరవాత చెప్పింది, నెమ్మదిగా, కన్ను చెడిపోలేదమ్మా, కానీ పవర్ చాలా ఎక్కువ, ఆ కన్ను చూపించేదంతా మసకే, మసక చెప్పే కన్ను మాట ఎందుకు వినాలని మెదడు వినడం మానేసింది, కళ్ళద్దాలు పెట్టాలి, మంచి కన్ను మీద రోజూ నాలుగు గంటలు పట్టీ అంటించాలి, అప్పుడు ఈ కన్ను చూడక తప్పదు, మెదడు వినక తప్పదు, పూర్తిగా వస్తుందా అంది కోడలు, మాట ఇవ్వలేనమ్మా, చిన్నతనం కాబట్టి చాలావరకు వస్తుంది, పట్టీ మానేస్తే మాత్రం రాదు, పెద్దయ్యాక ఎన్ని అద్దాలు పెట్టినా ఆ కన్ను లేచిరాదు, అని గది లైటు వేసి కాగితం మీద రాస్తూ, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అంది.

లేదని చెప్పబోయింది కోడలు, డాక్టరమ్మ నన్ను చూస్తోంది, నేను దూరంగా గోడ మీది అక్షరాల బోర్డు వైపు చూస్తున్నాను, అలవాటుగా, ఎడమ కన్ను మూసి, తాతగారూ, ఇలా వచ్చి కూర్చోండి ఒకసారి అంది, నాకెందుకమ్మా అన్నాను, రండి అంది, కూర్చున్నాను, ఎడమ కన్ను మూసి చదివించింది, చదివాను, మూడేళ్ళ బడిలో నేర్చుకున్న అక్షరాలు ఒక్కటీ పోలేదు, చిట్టచివరి వరస దాకా చదివాను, ఇప్పుడు కుడి కన్ను మూసుకోండి అంది, నవ్వొచ్చింది, కుడి కన్ను ఎవరు మూస్తారు, పని కన్ను అది, అరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని మూసి రెండోది తెరిచి చూడలేదు, ఎందుకు చూస్తాను, ఆమె ఒక రేకు నా కుడి కంటికి అడ్డం పెట్టింది, బోర్డు పోయింది, డాక్టరమ్మ పోయింది, చదవండి అంది ఆమె గొంతు, ఏముందమ్మా చదవడానికి అన్నాను, ఎదురుగా ఏం కనబడుతోంది అంది, గోడ అన్నాను, గోడ మీద, ఏమీ లేదు, నా చెయ్యి ఎక్కడుంది అంది, ఎక్కడుందో తెలియలేదు, కోడలి ఊపిరి గట్టిగా వినబడింది, మీకు తెలీదా ఇన్నేళ్ళూ అంది డాక్టరమ్మ, ఒకటి పనికి, ఒకటి మొహానికి అనుకున్నానమ్మా, అందరికీ అంతే అనుకున్నాను అన్నాను, ఎవరూ నవ్వలేదు, మా నాన్న కూడా ఆ కన్నే మూసేవాడు, పాపం, ఆయనకీ తెలియదేమో, ఆయనా ఎవరికీ చెప్పలేదేమో, నా పోలికమ్మా అని నేను కోడలితో అన్నది అబద్ధం కాదు, అదే నన్ను చంపింది, అబద్ధమైనా బాగుండేది, పోలికే, పనిది కాదు, పిల్ల నన్ను చూసి నేర్చుకోలేదు, నా దగ్గరనుంచి పుట్టుకతో తెచ్చుకుంది.

సాయంత్రానికి అద్దాలు ఇచ్చారు, తల వెనక రబ్బరు పట్టీతో, బొమ్మకి పెట్టే అంత అద్దాలు, అవి పెట్టుకుంది, కంటి పట్టీ దగ్గరే వచ్చింది గొడవ, అంటించగానే పీకేసింది, చీకటి చీకటి అని అరిచింది, రెండోది అంటిస్తే నేల మీద పడి దొర్లింది, మూడోదానికి చెంప ఎర్రగా కందిపోయింది, వద్దే అమ్మా, బిడ్డ గుక్క తిప్పుకోలేకపోతోంది, రేపు చూద్దాం అంది మా ఆవిడ, రేపు చూద్దాం, రేపు చూద్దాం అనే కదా అత్తయ్యా ఇన్ని నెలలు పోయాయి అంది కోడలు, గోడకి ఆనుకుని కూర్చుని తానూ ఏడ్చింది, అంతలో కొడుకు ఫోను, ఎక్కడో దారిలో ఉన్నాడు, లారీ మోత వినబడుతోంది, అంతా చెప్పింది, నాన్న ఏమన్నాడు అని అడిగినట్టున్నాడు, ఏమంటారు, ఏమీ అనలేదు అంది, నేను కొట్టులో కూర్చుని వింటున్నాను, నాలుగు గంటలు, నాలుగు నిమిషాలు కూడా ఉంచనివ్వదు, కొట్టి పెట్టాలా, చేతులు కట్టి పెట్టాలా, మంచి కన్ను మూసి చూడని కంటితో బతకమంటే ఎవరైనా పీకేస్తారు, దానికి ఏం తెలుసు, అది ఎవరు చెబితే వింటుంది, ఎవరి మాటా వినదు, చూసింది చేస్తుంది, అంతే, చూసింది చేస్తుంది.

మర్నాడు తెల్లవారగానే కొట్టు తెరిచి, ఉలులూ రంపాలూ అన్నీ పై అరలోకి ఎక్కించి తాళం వేసి, పట్టీల పొట్లంలోంచి ఒకటి తీసి నా కుడి కంటికి అంటించుకున్నాను, గోడ మీద వరద గీత మాయమైంది, అంత తిన్నని గీత, లేనే లేదు, ఒక రీపరు చేతికి తీసుకుని అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకున్నాను, అంచు లేదు, ఇది దానికి పుట్టినప్పటినుంచీ, అనుకున్నాను, గజ్జెల చప్పుడు, అద్దాలు పెట్టుకుని గుమ్మంలో ఆగినట్టుంది, నాకు కనబడింది ఒక పచ్చటి మరక, గౌను రంగు, తాతకి పట్టీ అంది ఆ మరక, పకపక నవ్వింది, దగ్గరికొచ్చి నా చెంప తడిమింది, తన చెంప తడుముకుంది, నాకూ అంది, దాని వెనకాల ఎప్పుడొచ్చిందో కోడలు, నాకు కనబడలేదు, తరవాత తనే చెప్పింది, పిల్లని గుమ్మం దగ్గరికి జరుపుకుని, చప్పుడు చేయకుండా పట్టీ విప్పి పిల్ల అద్దాలు పైకెత్తి అంటించింది, పీకలేదు, చిన్న చేతులు ముందుకి చాపి నిలబడిందట, చెక్కపొట్టులో అడుగు వేసింది, ఆగింది, గొంతు సన్నబడింది, తాత ఏడీ, నాకూ అది పచ్చటి మరక తప్ప కనబడటం లేదు, ఇద్దరం ఒకే కొట్టులో ఒకే మసకలో నాలుగడుగుల దూరంలో ఉన్నాం, ఇక్కడ, అన్నాను, ఇక్కడున్నా చిన్నమేస్త్రీ, చెక్కల దగ్గర, ఇటు రా, కుడివైపు పీట ఉంది, తగులుతుంది చూసుకో, ఇది నా మోకాలు, ఇదిగో ఇది రీపరు, పట్టుకో, వంకరుందా, ఉంది అంది, ఎక్కడుందో చూద్దాం పట్టు, ఇది చిత్రిక, దీనితో మీ ముత్తాత ఈ ఇంటి తలుపులు చేశాడు, ఆయన అసలు మాట్లాడేవాడు కాదు, అని మొదలుపెట్టాను, వేలు తగిలినదల్లా చెప్పాను, మేకు, మర, సుద్దముక్క, గోడ మీద గీత, వరద సంగతి, తలుపుల సంగతి, లోపలినుంచి మా ఆవిడ, ఎవరే కొట్టులో మాట్లాడుతోంది, ఎవరన్నా వచ్చారా అంటోంది, మామయ్యేనత్తయ్యా అంది కోడలు, గంట దాటింది, గొంతు బొంగురుపోయింది, నేను ఆపలేదు, ఆపితే నేనెక్కడున్నానో దానికి తెలియదు.